టవర్ మీద ఖీమా గిరాకీ

ఎనిమిదో తరగతిల నేను బడిని ఇడిసిపెట్టిన్నా, బడి నన్ను ఇడిసిపెట్టిందా అన్న పంచాయితీ మా ఇంట్ల ఇంకా తెగలేదు. లెక్కల సారు మాత్రం నా బతుకుదెరువుకు గట్టి పునాదే ఏసిండు. రోజుకొక గంట నన్ను బెంచీ మీద నిలబెట్టేటోడు. ఎత్తుల నిలబడుడు, కింద కూసున్నోళ్ళను చూసి నవ్వుడు అప్పుడే అలవాటయింది. ఇప్పుడు నా పని అదే. వరంగల్ల ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీల టవర్లు ఎక్కుత.

మా కంపెనీ ఊర్లకు వైరు లేకుంట గాలిల నుంచి నెట్టు ఇస్తది. ఊరి నడుమ ఒక ఇనుప టవర్, దాని కొన మీద రేడియో, ఇండ్ల మీద అన్నం పళ్ళెమంత డిష్షులు. రేడియో మాట్లాడతది, డిష్షులు ఇంటయి. నడుమల ఏదన్న తేడా వస్తే ఊరోళ్ళు మాట్లాడతరు, నేను ఇంట.

ఈ ముచ్చట జరిగిన ఊరు ములుగు తొవ్వల ఉంటది. పేరు చెప్ప. చెప్తే ఆ ఊరోళ్ళు కూడ నా గురించి రాయ మొదలుపెడతరు, వాళ్ళ దగ్గర నా కంటె ఎక్కువ సామాను ఉన్నది. ఒక్క టవర్, నలభై రెండు ఇండ్లు. పొద్దంత సల్లగుంటది. సాయంత్రం ఆరు కొట్టిందంటే ఊరంత ఒక్కసారే ఫోన్లు, టీవీలు పడతది. తొమ్మిదింటి దాకా నెట్టు మీద జాతరే.

ఒక ఆదివారం పొద్దున ఆ ఊరి నుంచి ఒక పెద్దవ్వ ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేస్తే హలో అనదు.

“ఏడున్నవ్ రా?”

“ఇంటికాడ అత్తా. ఏమయింది?”

“ఏం కాకముందుకే రా. అయినంక వస్తే నిన్ను టవర్ మీదికెల్లి గుంజి కింద పడేస్త.”

ఆమె అట్లనే మాట్లాడతది గని, ఆ రోజు గొంతుల నవ్వు లేదు. బండి తీసిన.

ఆ ఇంట్ల మనుషులు ముగ్గురే. పెద్దవ్వ, ఆమె కోడలు, కోడలి మూడేండ్ల బిడ్డ. కొడుకు వరికోత మిషన్ నడుపుతడు, కోతల కాలంల ఏ జిల్లల ఉంటడో ఆయనకే ఎరుక ఉండదు. కోడలు పెండ్లికి ముందు హైదరాబాద్ల పని చేసింది. దవాఖాన్ల నుంచి వచ్చిన కాయితాలు కంప్యూటర్ల చదివి, ఏ రోగానికి ఏ నంబరో ఎయ్యాలె. బిడ్డ పుట్టినంక అదే పనిని ఇంటి నుంచి చేస్తాంది. డ్యూటీ సాయంత్రం ఆరింటి నుంచి. మొదట్ల బాగనే నడిచింది. రెండు నెలల నుంచి సాయంత్రం అయితే చాలు తెర ఆగుడు, గొంతు తెగుడు. ఎన్ని తాపలు పోయిన్నో, ఏవో రెండు తీగలు పీకి మల్ల పెట్టి, నాలుగు జోకులేసి వచ్చిన.

ఆ పొద్దు జోకులు చెల్లలేదు. నేను చెల్లె అని పిలుచుకునే ఆ కోడలు కంప్యూటర్ నా దిక్కు తిప్పింది.

“అన్నా, కంపెనోళ్ళు మెయిల్ పంపిన్రు. ఈ శనివారం లోపల వరుసగ మూడు సాయంత్రాలు, ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా, లైను ఆగకుంట నడవాలె. ఇగో, ఈ మూలకు గుండ్రటి లైటు కనిపిస్తాంది కదా, వాళ్ళే పెట్టిన్రు. పచ్చగుంటే లైను మంచిగున్నట్టు. ఒక సాయంత్రంల మూడుసార్లు ఎర్రగయిందంటే ఆ సాయంత్రం ఫెయిల్.”

“ఫెయిల్ అయితే?”

“హైదరాబాద్ ఆఫీసుకు రమ్మంటరు. లేకపోతే ఉద్యోగం ఇడిసిపెట్టుమంటరు.”

“పోవుడు అయితదా?”

“బిడ్డను పట్టుకొని ఏడికి పోవాలె? అత్తమ్మను ఒక్కదాన్నే ఏడ ఇడ్వాలె? అట్లని ఉద్యోగం కూడ ఇడ్వ. ఈ ఇంట్ల నెలనెలా నమ్ముకునేది అదొక్కటే.” నా ముఖం చూసింది. “నాకు నువ్వు చెప్పే కథలు వద్దన్నా. లైటు పచ్చగుండాలె.”

పెద్దవ్వ గడపల నిలబడి ఇంటాంది. “నా కోడలు ఉద్యోగం పోయిందనుకో,” అన్నది, “నీ టవర్ కింద కట్టెలు పేర్చి పొయ్యి పెడత. రోజు మూడు పూటల ఆడనే వండుత.”

“అట్లయితే నాకు కూడ ఒక ముద్ద వండు అత్తా.”

“నిన్నే వండుత.”

సోమవారం నాకు తెలిసిన ఇద్యలన్ని చూపించిన. టవర్ ఎక్కి రేడియో తుడిచిన, నట్లు బిగించిన, పిట్ట గూడు పెట్టిందేమో చూసిన, చెల్లె ఇంటి మీది డిష్షును అటు ఇటు తిప్పి సరిగ్గ టవర్ ముఖం మీదికి పెట్టిన. ఆమె ఇల్లు టవర్‌కు నాలుగు ఇండ్ల అవతలనే, సిగ్నల్ నిండు కుండ తీరుగ ఉన్నది. సాయంత్రం ఆరున్నరకే లైటు ఎర్రగయింది. ఏడింటికి మల్ల. ఏడుంబావుకు మల్ల. ముగ్గురం తెర దిక్కే చూస్తాన్నం. పిల్ల మాత్రం ఎర్ర లైటు వచ్చినప్పుడల్ల చప్పట్లు కొడుతాంది, దానికి ఎరుపంటే ఇష్టమట.

మంగళవారం ఆఫీసు నుంచి ఇంజినీర్ సారును పట్టుకొచ్చిన. పట్నంల పెద్ద కాలేజీల చదివిండు. నాకంటె పన్నెండేండ్లు చిన్నోడు. నేను సారూ అంట, ఆయన అన్నా అంటడు, ఇద్దరికి లోపల్లోపల నవ్వే. ల్యాప్‌టాప్ తెరిచి ఊరి లిస్టు చూసిండు.

“అన్నా, ఇండ్లు నలభై రెండు. టవర్ కెపాసిటీ ఇంత. కొందరు ఎక్కువ గుంజుతున్నరు, కొందరికి అందుతలేదు. అందరికి ఈక్వల్ స్పీడ్ పెడితే ఎవరికి కంప్లైంట్ ఉండదు.”

“సారూ, నలభై రెండు మందికి ఒక్క తీరు చెంచాలిచ్చినంత మాత్రాన కూర సమానంగ తింటరా? నోర్లు ఒక్క తీరు ఉండయి.”

“అన్నా, ఇది కూర కాదు, నెట్‌వర్క్.”

“సరే సారూ. మీరు వడ్డించున్రి.”

వడ్డించిండు. ఆ సాయంత్రం లైటు ఆరుంబావుకే ఎర్రగయింది. ఇంతకు ముందు చెల్లె ఇంట్ల ఒక్కతాన్నే ఆగేది, ఇప్పుడు ఊరంత ఆగింది. సమానత్వం అంటే ఏందో ఆ ఊరికి ఆ రోజు తెలిసింది. టవర్ కిందికి జనం వచ్చిన్రు. ఒకాయన వచ్చి, “సీరియల్ల ఆమె తలుపు తీస్తాంది, పావుగంట నుంచి తీస్తనే ఉన్నది, అవతల ఎవలున్నరో జర మీరన్న చెప్పున్రి” అన్నడు. సారు లిస్టు మీద లిస్టు చూస్తాండు. ఎవ్వలి ఇంట్ల చూసినా ఎక్కువ వాడుడు లేదు. అయినా టవర్‌కు ఊపిరి సలుపుతలేదు.

“అన్నా, లెక్కకు అందని మనిషి ఎవరో ఉన్నరు,” అన్నడు సారు.

నాకు ఆ మాట ఎక్కడ్నో గుచ్చుకున్నది గని, ఎక్కడో తెలుసుకోనికి ధైర్యం చాలలే.

బుధవారం పొద్దుగాల ఒక్కన్నే టవర్ ఎక్కిన. కొన మీద నిలబడి ఊరి సుట్టు చూసిన. పడమటి దిక్కు, కిలోమీటర్ అవతల, జామాయిల్ తోట. రెండేండ్ల కింద నా నడుముల దాకనే ఉండె. ఇప్పుడు తాటి చెట్లకు సవాల్ చేస్తాంది. ఆ తోటకు ఆవల రేకుల షెడ్డు తళతళ మెరిసే కాడ ఇప్పుడు ఆకులు తప్ప ఏం కనబడ్తలేదు. ఆ షెడ్డు మా బావది. కోళ్ళ ఫారం.

ఇగ ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలె. మా దిక్కు ఆడిబిడ్డను ఇచ్చిన ఇంటి అల్లుణ్ణి అందరితోని కలిపి బంతిల కూసోబెట్టి అన్నం పెడితే, పెట్టనట్టే లెక్క. ఆయనకు ముందుగాల పెట్టాలె, ఎక్కువ పెట్టాలె, వద్దన్నా పెట్టాలె. రెండేండ్ల కింద షెడ్డుకు నెట్టు పెట్టేటప్పుడు మా బావ, “బామ్మర్ది కంపెనీల ఉండంగ నాకు కూడ అందరి తీరుగనేనా?” అన్నడు. ఆ మాటకు నా మర్యాద పొంగింది. ఆయన డిష్షును గిరాకుల లిస్టుల ఎయ్యలే. ‘ఆఫీసు టెస్టు లైను’ అని పేరు పెట్టి పక్కకు రాసిన. దానికి హద్దు లేదు, వరుసల అందరికంటె ముందు. అన్నం పెట్టినట్టే నెట్టు పెట్టిన. పెట్టి, మర్చిపోయిన. లిస్టుల లేనోడు సారుకు ఎట్ల దొరుకుతడు?

టవర్ దిగి సారుకు చెప్పిన. నవ్వుతడనుకున్న. నవ్వలే. ల్యాప్‌టాప్ల టెస్టు లైను తెరిచి చూసి, నా దిక్కు తిప్పిండు. “అన్నా, సిగ్నల్ సూడు. చెట్ల నడుమకెల్లి సస్తూ బతుకుతూ వస్తాంది. దాని మీద ఎనిమిది కెమెరాలు. నీ టవర్ సగం పొద్దు ఈయన కోళ్ళనే మోస్తాంది.”

“ఎనిమిదా? నేను పెట్టినప్పుడు రెండే.”

“బావ కదా. పెరిగిన్రు.”

సాయంత్రం ఆరింటికి టెస్టు లైను బందు పెట్టినం. చెల్లె ఇంట్ల కూసోని లైటు దిక్కు చూసినం. పచ్చగ ఉన్నది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, పచ్చగనే. పెద్దవ్వ మొదటిసారి నాకు చాయ్ పోసింది. ఆ చాయ్ సగం తాగంగనే బయట బండి చప్పుడయింది. మా బావ.

“ఏం రా, నా లైను ఎవడు కోసిండు?”

“నేనే బావా.”

“ఇచ్చేటప్పుడు ఇంటికొచ్చి బతిమాలి ఇచ్చినవ్. తీసేటప్పుడు ఒక్క ఫోన్ లేదా? ఇదేనా మర్యాద?”

“బావా, ఈ చెల్లె ఉద్యోగం...”

“ఆమె ఉద్యోగం ఉద్యోగం, నాది ఆటనా?” ఆయన గొంతు లేపిండు గని, ఆ గొంతుల కోపం కంటె భయమే ఎక్కువ ఉండె. “పోయిన ఎండకాలం మధ్యాహ్నం ఫ్యాన్లు ఆగి ఒక్క గంటల షెడ్డు సగం కోడిపిల్లలు సచ్చిపోయినయ్. నేను ఊర్ల లేను. అందుకే షెడ్డుకు నాలుగు మూలల, తలుపుల కాడ, ఫ్యాన్ల దిక్కు కెమెరాలు పెట్టుకున్న. ఫ్యాన్లు తిరుగుతానయో లేదో నేను యాడికెల్లయినా చూసుకోవాలె. కెమెరా బందయితే నాకు అన్నం సయించదు, తెలుసా?”

పెద్దవ్వ గడప దిగింది. “ఓ అయ్యా, నీ కోడిపిల్లలు ఎనిమిది కండ్లతోని చూస్తే గని బతకయా? నేను నా కొడుకును రెండు కండ్లతోనే పెంచిన.”

“నీ కొడుకు ఫ్యాన్ లేకున్నా బతికిండు అవ్వా! నా పిల్లలు బతకయి.”

పెద్దవ్వ మల్ల గడపెక్కి నిలబడ్డది. బావ అన్నది నిజమే. చెల్లె అడిగేది నిజమే. తప్పు ఎవలిదన్న ఉన్నదంటే, మర్యాదకు పోయి లిస్టుల నుంచి ఒక మనిషిని మాయం చేసిన నాది.

బావ లైను మల్ల ఇచ్చినం. చెల్లె కూడ తలూపింది. ఆరు నిమిషాలల్ల లైటు ఎర్రగయింది, తొమ్మిదింటి లోపల ఇంకో రెండుసార్లు. బుధవారం పోయింది. మిగిలినయి గురువారం, శుక్రవారం, శనివారం. మూడంటే మూడే. ఒక్కటి తప్పినా లెక్క ఒడిసినట్టే.

తెల్లారి పొద్దున టవర్ కింద సారు, నేను రాయి మీద కూసున్నం. సారు, “బావ లైనుకు స్పీడ్ తగ్గిద్దాం, అందరికంటె తక్కువ” అన్నడు. తగ్గించి చూసిండు. టవర్ మీద బరువు కొంచమే తగ్గింది. ఆయనకు అర్థం కాలే. “తీసుకునేది ఇంత తక్కువ, మరి టవర్‌కు ఇంత కష్టం ఎందుకు?”

ఆ మాట ఇనంగనే నాకు మా మేనమామ దుకాణం కండ్లకు కట్టింది. బడి బందు పెట్టినంక, టవర్ ఎక్కక ముందు, నేను వరంగల్ల మా మామ మటన్ దుకాణంల కత్తి పట్టిన.

“సారూ, మీరు ఆదివారం మటన్ లైన్ల నిలబడ్డరా?”

“మా ఇంట్ల నాన్న పోతడు.”

“అందుకే మీకు తెల్వదు. ఇనున్రి. ఆదివారం పొద్దుగాల మా మామ ముందట ముప్పై మంది. ‘కిలో కొట్టు’ అంటడు ఒకడు. టప టప టప, రెండు నిమిషాలు, పో. ఇంకొకడు, పో. నడుమల ఒకాయన వస్తడు. ‘అరకిలో ఖీమా. బొక్క తగలొద్దు, కొవ్వు తీసెయ్యి, సన్నగ కొట్టాలె’ అంటడు. తీసుకునేది అరకిలోనే. గని పావుగంట సేపు కత్తి ఆయనదే. ఎనక ఉన్నోళ్ళు కిలోలకు కిలోలు కొనేటోళ్ళు, వాళ్ళు నిలబడి ఆయన ఖీమా సప్పుడు ఇనాలె.”

సారు నా దిక్కు చూస్తాండు. నేను ఆగలే.

“మా బావ ఖీమా గిరాకీ. టవర్ మీది రేడియో ఒక్కసారికి ఒక్క డిష్షుతోనే కదా మాట్లాడేది? చెల్లె ఇంటితోని గడగడ మాట్లాడతది, అయిపోతది. చెట్ల అవతలున్న మా బావతోని మాట్లాడాల్నంటే, దూరం చెల్కల ఉన్నోనికి కేకేసినట్టు, ఒక్కొక్క మాట సాగదీసి, ఇనబడకపోతే మల్ల చెప్పి. ఆయన తీసుకునేది తక్కువే. గని రేడియో పొద్దంత ఆయన కోసం కేకలేసుడే. మీరు మొన్న అందరికి సమానంగ మటన్ తూకమేసిన్రు సారూ. పంచాల్సింది మటన్ కాదు. కత్తి.”

సారు లేచి నిలబడ్డడు. “మీ మామ ఏం చేసెటోడు?”

“ఖీమా గిరాకీని ఎల్లగొట్టేటోడు కాదు. ఖీమా కోసం లైను ఆపేటోడు కాదు. రెండు నిమిషాలు ఖీమా కొట్టి, మొద్దు మీద ఒక మూలకు జరిపి మోదుగాకు కప్పేటోడు. ఇద్దరికి కిలో కిలో కొట్టి పంపి, మల్ల ఆకు తీసి రెండు నిమిషాలు ఖీమా. ఖీమా ఆయన పోయే వరకు టైము పట్టేది గని, పోయేటోడే. ఎవడన్న ‘పావుకిలో కార్జం’ అని చెయ్యి చాపితే, వాణ్ణి లైన్ల నిలబెట్టుడే లేదు. ముందే కోసి పెట్టిన లివర్ ముక్కలు అందుకొని ఇచ్చి పంపుడే. వానికి పట్టేది గడియ సేపు, ఎవలకు నష్టం?”

“కార్జం ఎవరన్నా?”

“చెల్లె! ఆమె పని చిన్న చిన్న ముక్కలు. ఒక పేజీ, ఒక మాట, ఒక నంబరు. సినిమాలు కాదు. ఆమె చెయ్యి చాపంగనే చేతుల పెట్టాలె. సినిమా గిరాకులు రెండు గడియలు ఆగితే ఏం కాదు, వాళ్ళు ముందే ఇంత దాసుకొని చూస్తరు.”

సారు ల్యాప్‌టాప్ మీద పడ్డడు. ఏవో లోపలి పేజీలు తెరుస్తాండు, తన మీద తనే తిట్టుకుంటాండు. “అన్నా, దీన్ని ఎయిర్‌టైమ్ అంటరు. స్పీడ్ కాదు, టైము పంచుడు. సెట్టింగ్ ఇక్కడ్నే ఉన్నది, ఎవలు ముట్టుకోలే. మేము దీన్ని పరీక్షకు చదివినం.”

“పరీక్ష రాసినంక?”

“మర్చిపోయినం.”

“నేను పరీక్ష రాయలే సారూ, అందుకే యాదికున్నది.”

పొద్దంత కూసున్నం. ముందుగాల మా బావ పేరు లిస్టుల రాసినం, నలభై మూడో ఇల్లు. టెస్టు లైనుకు ఆ రోజే తద్దినం పెట్టినం. అందరికి టైము సమానం. ఎవలు లేనప్పుడు మిగిలిన టైము ఉన్నోళ్ళకు. చిన్న ముక్కలు ముందు, పెద్ద సినిమాలు ఎనక. బావ ఎనిమిది కెమెరాలల్ల ఫ్యాన్ల దిక్కున్నయి రెండు ముందు, మిగిలిన ఆరు ఆకు కింద ఖీమా.

ఆ ఆరు కెమెరాల ముచ్చట బావకు చెప్పనీకి షెడ్డుకు పోయిన. ఆయన నోరు తెరవక ముందే మా అక్క దాణా చాట కింద పెట్టి, “ఏమయ్యా, కెమెరాల చూస్తే కోళ్ళు బరువు పెరుగుతయా?” అన్నది. “ఫ్యాన్లు కనబడ్తే చాలు. గోడలు, తలుపులు, నీళ్ళ డ్రమ్ము చూసుకుంట కూసోనికి నీకు పనేం లేదా?” బావ నా దిక్కు చూసిండు. నేను ఆకాశం దిక్కు చూసిన. “సరే, నీ ఇష్టం రా,” అన్నడు. బావలు ఓడినప్పుడు అట్లనే అంటరు.

గురువారం ఆరు. లైటు పచ్చగ. ఏడు. పచ్చగ. సీరియల్ల ఆమె తలుపు తీసింది, అవతల ఎవలున్నరో ఊరికి తెలిసింది. ఎనిమిదింటికి ఒకసారి పసుపు పచ్చగ మెరిసింది, మల్ల పచ్చగయింది. తొమ్మిది. ఒక్క ఎరుపు లేదు. చెల్లె చేతివేళ్ళు ఇరుసుకొని, “ఒకటి” అన్నది.

శుక్రవారం గాలి లేచింది, జామాయిల్ తోట ఊగింది, మా బావ సిగ్నల్ ఇంకా పడిపోయింది. ఇదివరకయితే ఊరంత ఆయనతోనే పడిపోయేది. ఇప్పుడు ఆయన వంతు ఆయనకే, ఆ వంతుల వచ్చింది వస్తది. ఏడున్నరకు ఒక్కసారి ఎరుపు పడ్డది, చెల్లె కండ్లు మూసుకున్నది, ఇంకోటి పడలే. తొమ్మిదింటికి “రెండు” అన్నది.

శనివారం క్రికెట్ మ్యాచ్. ఆ సంగతి మాకు మధ్యాహ్నం తెలిసింది. పెద్దవ్వ ఊర్లకు పోయి ఇల్లిల్లు తిరుగుదామన్నది, “మ్యాచ్ చూసినోళ్ళ కండ్లు పోతయని చెప్పొస్త” అన్నది. సారు ఆపిండు. “అవ్వా, చూడనీ. అందరు చూస్తనే ఉండాలె, ఈమె పని నడుస్తనే ఉండాలె. లేకపోతే మనం చేసిందేంది?” ఆ మాట అన్నప్పుడు ఆ పోరడు నాకు నిజంగనే సారు లెక్క కనిపించిండు.

ఆరింటికి ఊరు ఒక్కసారే మీద పడ్డది. ల్యాప్‌టాప్ల గీతలు నిట్టనిలువు ఎక్కినయి. నలభై మూడు ఇండ్లు, నలభై మూడూ మేల్కొని ఉన్నయి. సారు పెదవి కొరుకుతాండు. పెద్దవ్వ మంచం కోడు పట్టుకొని కూసున్నది. చెల్లె మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకొని కాయితం ఎనక కాయితం చదువుతాంది. లైటు దిక్కు చూసుడే లేదు. పని చేస్తాంది. చూసే పని మా ముగ్గురికి ఇడిసిపెట్టింది.

ఏడుంబావుకు ఊర్ల ఎవలో సిక్స్ కొట్టిన్రు. ఎట్ల తెలిసిందంటే, ఊరంత ఒక్కసారే అరిచింది. ఇదివరకు ఆ ఊర్ల సిక్స్ పడితే ముందు వాడలోళ్ళు అరిచేటోళ్ళు, రెండు నిమిషాలకు ఎనక వాడలోళ్ళు. లైను అట్ల వచ్చేది. ఇప్పుడు ముందు వాడ, ఎనక వాడ ఒక్క గొంతు. సారు నా భుజం మీద చెయ్యేసిండు.

ఎనిమిదింటికి ఫోన్. బావ.

“ఏం రా, ఆరు కెమెరాలు ఆగి ఆగి వస్తానయి.”

“ఫ్యాన్లు?”

“ఫ్యాన్లు మంచిగ కనబడ్తానయి.”

“కోళ్ళు?”

“అవి కూడ ఆగి ఆగి నడుస్తానయి.”

“డ్యాన్స్ చేస్తానయి అనుకో బావా. ఉచితంగ చూడు.”

పెట్టేసిండు. పెట్టేసే ముందు నవ్విండు, నేను ఇన్న.

ఎనిమిదిన్నరకు లైటు ఎర్రగయింది. ఒకటి. పెద్దవ్వ మంచం కోడు వదిలి నా మోచెయ్యి పట్టుకున్నది. ఎనిమిది ముప్పావుకు రెండు. సారు గీతలు చూసి, “ఎవరో సినిమా మొత్తం ఒక్కసారే దింపుతున్నరు” అన్నడు. చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. నేను పట్టుకున్న. “ముట్టకున్రి సారూ. లైన్ల గిరాకీ ఎక్కువున్నప్పుడు కత్తి చేతులు మారొద్దు.” ఆ సినిమా గిరాకీ తన రెండు గడియలు తీసుకున్నడు, పక్కకు జరిగిండు, మల్ల తీసుకున్నడు. లైటు పసుపయింది. పసుపుల నిలబడ్డది. పచ్చగయింది. తొమ్మిది కొట్టే దాకా ముగ్గురం లైటు దిక్కే చూసినం, పిల్ల కూడ. అది “ఎరుపు ఏది? ఎరుపు ఏది?” అని అడుగుతనే ఉన్నది.

తొమ్మిది. తెర మీద ఒక చిన్న డబ్బా తెరుచుకున్నది. చెల్లె చదివి హెడ్‌ఫోన్ తీసింది.

“పాస్,” అన్నది.

పెద్దవ్వ వాకిట్లకు ఉరికి, ఊరికంత ఇనబడేటట్టు, “నా కోడలు పాసయింది!” అని అరిచింది. ఏం పరీక్షనో ఎవలకు తెల్వదు. అయినా రెండు వాడలోళ్ళు చప్పట్లు కొట్టిన్రు, మ్యాచ్ కూడ అప్పుడే గెలిచినట్టున్నది. సారు, నేను ఒకళ్ళనొకళ్ళం పట్టుకొని ఎగిరినం. నలభై దాటినోణ్ణి, ఇంకొకల ఇంట్ల, మంచం పక్కన ఎగిరిన. ఏ క్లాసుల ఏ పరీక్ష పాసయినా నాకు అంత సంబురం అయితుండెనో లేదో, పాసవుతె కదా తెలిసేది.

ఇప్పుడు మా కంపెనీ టవర్లన్ని ఆ పద్ధతి మీదనే నడుస్తానయి. సారు దానికి ఇంగ్లీషుల మంచి పేరు పెట్టి కాయితాలు రాసిండు. కొత్త పోరగాండ్లు పనిల చేరితే మాత్రం నా దగ్గరికి పంపుతడు, “ముందు అన్న దగ్గర ఖీమా నేర్చుకొని రా” అని.

చెల్లె పాసయినంక వచ్చిన సోమవారం సాయంత్రం నేను ఆ ఇంటికి పోయిన. పని ఏం లేదు. గెలిచినోడు ఒకసారి కనబడి రావాలె కదా, ఓ చాయ్ తాగి కథంత మల్ల ఒకసారి చెప్పుకుందామని. పెద్దవ్వ వాకిట్ల టీవీ ముందర కూసోని సీరియల్ చూస్తాంది, సౌండ్ బందు పెట్టి. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నది. మెల్లగ లోపలి అర్ర దాకా పోయిన. చెల్లె తెర ముందర ఉన్నది. నేను గడపల నిలబడి గొంతు సవరించుకున్న. ఆమె ఒక చెవి మీది హెడ్‌ఫోన్ జరిపింది, కండ్లు తెర మీదికెల్లి తియ్యలే.

“అన్నా, డ్యూటీల ఉన్న. తలుపు దగ్గరికేసి పో.”

చప్పుడు కాకుంట ఏసిన.